పెంటయ్య అంటే మంచి అర్థం ఏమైనా ఉందా అక్కా?

ఈ వారం వచ్చిన ఉత్తరం ఇది, కొంచెం కుదించి పెడుతున్నా:

"అక్కా నమస్తే. నా పేరు పెంటయ్య. నిజంగనే, ఆధార్‌ల గూడ అదే ఉంటది. మాది సిద్దిపేట దిక్కు ఊరు, ఇప్పుడు హైదరాబాద్‌ల ఒక చిన్న కంపెనీల అకౌంట్స్ చూస్తున్న, 27 ఏండ్లు. ఆఫీసుల అందరికి సాయి అని చెప్పుకున్న, స్కూల్ల అటెండెన్స్ పిలిచినప్పటి సంది నవ్వులే కదా మరి. ఫిబ్రవరిల పెండ్లి. అమ్మాయి తరపోళ్ళు కార్డు మీద వేరే పేరు వేయించుకోరాదా అని అడిగిన్రు. బాపు ఏమనలే. అమ్మకు చెప్తే రెండు రోజులు మాట్లాడలే. న్యూమరాలజీ చూసే ఒకాయన ఇది సంస్కృతం పేరే, ఇంగ్లీషు స్పెల్లింగ్‌ల ఇంకో అక్షరం కలిపితే సెట్ అయితది, ఐదు వేలు అన్నడు. ఈ పేరుకు మంచి అర్థం ఏమన్న ఉన్నదా? అసలెందుకు పెట్టిన్రు? నాకంటె ముందు ఇద్దరు పుట్టి పోయిన్రంట, అంతకుమించి ఇంట్ల ఎవ్వరు చెప్పరు. మార్చుకోవాల్నా వద్దా చెప్పు. ఇంకోటి, సంబంధం లేదు గని, నా కుడి ముక్కు మీద సన్నగ గుంట లెక్క ఉంటది, పింపుల్ మచ్చ అనుకుంట, ఫోటోల కొడుతది, పెండ్లి లోపు పోవాలంటె ఏం రాయాలె?"

తమ్ముడూ, ఆ గుంటకి ఏ క్రీమూ రాయకు, అది పింపుల్ మచ్చ కాదు. దాని సంగతి కాసేపాగి చెప్తా.

ముందు అర్థం. నువ్వు ఆశపడుతున్న టైపు మంచి అర్థం లేదు, అబద్ధం చెప్పి నిన్ను పంపించలేను. పెంట అంటే పెంటే. కొట్టం ఊడ్చిన పేడ, గొడ్లు తినగా మిగిలిన చొప్ప, పొయ్యిలో బూడిద, వాకిలి కసువు అన్నీ రోజూ తీసుకెళ్లి ఒక్కచోట పోసే కుప్ప. అచ్చ తెలుగు మాట, సంస్కృతం దాని ఛాయలకి కూడా రాలేదు, కాబట్టి ఆ న్యూమరాలజీ ఆయనకి ఐదు వేలు ఇవ్వకు, ఇచ్చేసి ఉంటే మాత్రం పెంటలో పోశాననుకో. ఇంకొకళ్ళు వచ్చి నల్లమలలో చెంచులుండే గూడేలని పెంటలంటారు, శ్రీశైలం పక్కన సున్నిపెంట ఉంది, పశ్చిమ గోదావరిలో పెంటపాడు ఉంది, కాబట్టి పెంటయ్య అంటే పల్లె మనిషి అని కూడా చెప్తారు. చెంచు పెంటల మాట నిజమే, అత్తగారింట్లో చెప్పుకోడానికి బాగానే ఉంటుంది కూడా. కానీ నీ పేరు అక్కణ్ణుంచి రాలేదు. నీకంటే ముందు ఇద్దరు పుట్టి పోయారని నువ్వే రాశావు చూడు, ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆ ఒక్క ముక్కలోనే ఉంది.

జరిగేది ఇట్లా. ఇంట్లో పిల్లలు పుట్టడం, పోవడం, మళ్ళీ పుట్టడం, మళ్ళీ పోవడం. డాక్టరు లేడు, ఉన్నా కారణం తెలీదు. ఎవరి కన్నో పడుతోంది, ఏ శక్తో పట్టుకుపోతోంది అనుకునేవాళ్ళు. మన పిల్లలు దానికి బాగా నచ్చుతున్నట్టున్నారు, అందుకే తీసుకుపోతోంది, సరే ఈసారి పుట్టేవాడు మనవాడే కాదని చూపిద్దాం అని, పుట్టిన పిల్లాణ్ణి చాటలో పడుకోబెట్టి తీసుకెళ్లి పెంటకుప్ప మీద పెట్టేవాళ్ళు. పారేశాం, మాకొద్దు అన్నట్టు. ముందే మాట్లాడి పెట్టుకున్న ఒకామె, పక్కింటావిడో వరసకి పెద్దమ్మో ప్రసవం చేసిన మంత్రసానో, ఏమీ ఎరగనట్టు అటుగా వచ్చి అయ్యో ఇక్కడెవరో పిల్లాణ్ణి పారేశారే అని ఎత్తుకునేది. కన్నతల్లి వెళ్లి ఆమె దగ్గర పిల్లాణ్ణి కొనుక్కునేది, ఇన్ని నూకలో ఇంత తవుడో కొంగులో పోసి. అప్పుడింక వీడు ఆ ఇంట్లో పుట్టినవాడు కాదు, పెంట మీద దొరికినవాడు, గింజలిచ్చి కొనుక్కున్నవాడు. పేరు పెంటయ్య, ఆడపిల్ల అయితే పెంటమ్మ. ఇంతా చేసి చివర్న ఆ అయ్య మాత్రం మర్చిపోకుండా తగిలించారు చూడు, చావుకి వినిపించాల్సింది మొదటి సగం, మిగతా సగం పిల్లాడికి.

పేరొక్కటే సరిపోదేమోనని కొందరు ఇంకో మెట్టు ఎక్కేవాళ్ళు, మగపిల్లాడికి ముక్కు కుట్టించేవాళ్ళు. ఆడపిల్ల అనుకుని వదిలేస్తుందనో, ఒంట్లో ఒక లోపం ఉంటే దాని కంటికి ఆనదనో. హిందీ వాళ్ళలో నత్థూలాల్, నత్థూరాం అని పేర్లుంటాయి కదా, నత్తు అంటే ముక్కుపుడక, అది ఈ బాపతే. ఇప్పుడు అద్దం ముందుకెళ్లి నీ కుడి ముక్కు చూసుకో. నేనైతే బల్లగుద్ది చెప్తా అది కుట్టిన గుర్తని, నీకు నడక రాకముందే పుడక తీసేసి ఉంటారు, రంధ్రం పూడి గుంట మిగిలింది.

మా ఇంట్లో కూడా ఒకాయన ఉండేవాడు, మా పెద్ద మేనమామ పుల్లయ్య. పుల్లయ్య అంటే పులుపు అనుకుంటారు చాలామంది, కాదు. పుల్లాకు అంటే తిని పారేసిన విస్తరి. మా అమ్మమ్మకి ఆయనకంటే ముందు ముగ్గురు పోయారు. ఈయన పుట్టిన వారంలోనే వీధిలో ఎవరింట్లోనో పెళ్ళి, బంతి లేవగానే ఎంగిలి విస్తళ్ళు తెచ్చి గోడవతల పోశారు, మా అమ్మమ్మ పచ్చి బాలింత లేచెళ్లి ఆ విస్తళ్ళ మీద పిల్లాణ్ణి పెట్టింది. నెయ్యి, పప్పు, ముద్దపప్పు మీద ఈగలు, వాటి మధ్య ఈయన. ఎదురింటి సాయమ్మ ఎత్తుకుంది. మూడు సోలల నూకలకి బేరం తెగింది. ఇదంతా మా అమ్మమ్మ చెప్పేటప్పుడు ప్రతిసారీ నవ్వుతూనే చెప్పేది, ఒక్క చోట మాత్రం ఆగేది, సాయమ్మ రావడం కాస్త లేటయిందట, ఆ కాసేపు పిల్లాడు విస్తళ్ళ మీద ఏడుస్తుంటే తను వెనక్కి తిరిగి చూడకూడదు, చూస్తే నా కొడుకే అని ఒప్పుకున్నట్టే. అక్కడ ఆగి కొంగుతో ముక్కు తుడుచుకుని మళ్ళీ మొదలెట్టేది.

ఇదేదో మూఢనమ్మకం, చదువులేనివాళ్ళ చాదస్తం అని కొట్టిపారేసే ముందు ఆ కాలం లెక్క ఒకటి చూడు. 1900-1910 ప్రాంతంలో మన దేశంలో పుట్టిన ప్రతి వెయ్యి మంది పిల్లల్లో 200 మందికి పైగా మొదటి పుట్టినరోజు చూడలేదు. ఐదుగురిలో ఒకరు. నువ్వు పుట్టిన 1998 ప్రాంతానికి కూడా అది వెయ్యికి 70 దాకా ఉంది, 2020కి 28కి దిగింది. అందుకే మీ తాతల తరంలో ఊరికి ఇద్దరు ముగ్గురు పెంటయ్యలుంటే నీ తరంలో నువ్వొక్కడివే మిగిలావు, నీ తర్వాత బహుశా ఎవరూ ఉండరు. ఒక పేరు అరుదైపోవడం వెనక ఇంత మంచి కారణం ఇంకో పేరుకి నాకు తెలిసి లేదు.

నువ్వు ఒంటరివి అనుకోకు, ఈ పేర్ల చుట్టరికం చాలా పెద్దది. ఉత్తరాంధ్రలో తవిటయ్య, తవిటినాయుడు, తవుడు అని ఉంటారు, తవుడిచ్చి కొనుక్కున్న పిల్లలు. ఊడ్చిన దిబ్బ మీద పెట్టినవాడు దిబ్బయ్య. పిచ్చయ్య అంటే పిచ్చివాడు అనుకుని నవ్వుతారు గానీ అది భిక్ష, బిచ్చం, తమిళంలో పిచ్చై, అడుక్కుని తెచ్చుకున్న బిడ్డ. గూగుల్ అధిపతి పేరులో ఉన్న పిచై కూడా ఈ మాటే, ఆయన ఆఫీసులో ఎవరూ నవ్వట్లేదు అనుకుంటా. అనంతపురం జిల్లా కర్ణాటక బోర్డర్‌లో ఎక్కడ చూసినా తిప్పేస్వామి, తిప్పయ్య పేర్లే. కన్నడంలో తిప్పె అంటే పెంటకుప్ప, చిత్రదుర్గ జిల్లా నాయకనహట్టిలో తిప్పేరుద్రస్వామి అని పెద్ద క్షేత్రమే ఉంది, తేరు లాగడానికి జనం విరగబడతారు. తమిళంలో కుప్పై అంటే చెత్త, దాన్నుంచి కుప్పుస్వామి, కుప్పమ్మ. మద్రాసులో కుప్పుస్వామి శాస్త్రి గారని 1943 దాకా ఉన్న మహా సంస్కృత పండితుడు, ఆయన పేరు మీద మైలాపూర్‌లో పరిశోధన సంస్థే ఉంది. త్యాగరాజస్వామి శిష్యుల్లో వీణ కుప్పయ్యర్ అని ఒకాయన, వర్ణాలు, కృతులు రాశాడు, ఎక్కువగా తెలుగులోనే. ఇంక మన పుల్లయ్యలంటావా, తెలుగు సినిమా మొదటి రోజుల్లో పెద్ద డైరెక్టర్లలో ఇద్దరు పుల్లయ్యలే, చిత్తజల్లు పుల్లయ్య, పోలుదాసు పుల్లయ్య. టైటిల్స్‌లో పెద్దక్షరాల్లో వేయించుకున్నారు.

ఉత్తరాదిలో అయితే ఘసీటా అని ఉండేది, ఈడ్చినవాడు, పిల్లాణ్ణి చాటలో వేసి నేల మీద ఈడ్చేవాళ్ళు. బేచన్ అంటే అమ్మేసినవాడు. బెంగాల్లో తీన్‌కడి, అంటే మూడు గవ్వల ఖరీదు, పాంచ్‌కడి కూడా ఉంది, బేరం కొంచెం గట్టిగా జరిగిందన్నమాట. చైనా పల్లెల్లో గౌషెంగ్ అని పెడతారు, కుక్క కూడా తినకుండా వదిలేసింది అని. మంగోలియాలో నెర్గుయ్ అంటే పేరు లేనివాడు, ఎనెబిష్ అంటే వీడు కాదు. చావు వచ్చి అడిగితే వీడు కాదండీ అని చెప్పడానికి. ఈ మంగోలియా వాళ్ళ తెలివికి నేను దండం పెడతా, పిల్లాడి పేరే అబద్ధం సాక్ష్యం.

నీకు అన్నిటికంటే దగ్గరి చుట్టం ఈజిప్టులో ఉన్నాడు. సుమారు 1900 ఏళ్ల కింద ఆ దేశం రోమన్ల చేతిలో ఉన్నప్పుడు గ్రీకులో రాసుకున్న పాపిరస్ కాగితాల్లో, పన్ను లెక్కలు, బాకీ పత్రాలు అలాంటివాటిలో, కోప్రేయుస్ అని మగవాళ్ళ పేరు కనపడుతుంది. కోప్రియా అంటే ఊరవతల చెత్త, పేడ పోసే కుప్ప. అక్షరాలా పెంటయ్య! కాకపోతే అక్కడ చాలామందిని నిజంగానే వదిలేసేవాళ్ళు, వద్దనుకున్న బిడ్డని కుప్ప మీద పెట్టి పోతే ఎవరో ఎత్తుకుని పెంచుకునేవాళ్ళు, బానిసగా కూడా. మనవాళ్ళు అదే నాటకం ఆడారు, పోగొట్టుకోకుండా ఉండడానికి.

ఇంక పెంట అన్న మాట గురించి నాకో కడుపుమంట ఉంది, ఇది రాసుకోకపోతే నిద్ర పట్టదు. స్కూల్లో నిన్ను చూసి నవ్విన పిల్లలకి పెంట అంటే తెలిసింది ఒక్కటే, అంతా పెంట పెంట చేశాడు అన్న తిట్టు. కానీ నీకు ఆ పేరు పెట్టిన మీ నాయనమ్మకో అమ్మమ్మకో అది తిట్టు ఒక్కటే కాదు. మా ఊళ్ళో ప్రతి ఇంటికీ ఒక పెంటకుప్ప ఉండేది, ఏ ఇంటిది ఆ ఇంటిదే, పక్కింటి కోడి వచ్చి గెలికినా అరిచేవాళ్ళు. ఎండాకాలం చివర తొలకరికి ముందు దాన్ని తవ్వి బండ్లకెత్తి పొలాలకి తోలేవాళ్ళు. పైన ఎండి తెల్లగా ఉండేది, పార దింపితే లోపల నల్లగా, మెత్తగా, పొద్దున్నే అయితే ఆవిర్లు వచ్చేవి, పురుగూ పుట్రా, ఎప్పుడో పారేసిన గాజు ముక్క, మా చిన్నప్పటి రబ్బరు చెప్పు, అన్నీ బయటపడేవి. వాసన కూడా నువ్వు అనుకునే వాసన కాదు, తడిసిన మట్టి వాసన. పిల్లనిచ్చేవాళ్ళు ఇల్లు చూడ్డానికొస్తే ఇంటి వెనక్కి కూడా ఒక చూపు వేసేవాళ్ళు, కుప్ప పెద్దదైతే గొడ్లు బాగున్నాయి, గొడ్లు బాగుంటే పంట బాగుంది, పిల్లకి తిండికి లోటు ఉండదు అని. దీపావళికి మా అమ్మమ్మ తులసికోట దగ్గర, బావి దగ్గర, కొట్టంలో దీపాలు పెట్టి చివరి ప్రమిద తీసుకెళ్లి పెంటకుప్ప మీద పెట్టేది. తర్వాత యూరియా బస్తాలొచ్చాయి, ట్రాక్టరొచ్చి ఎద్దులు పోయాయి, ఎద్దులు పోయాక కుప్ప పోయింది, కుప్ప పోయాక మాటకి తిట్టు ఒక్కటే మిగిలింది. ఆ మిగిలిపోయిన తిట్టు తెచ్చి నీ నెత్తిన పెట్టారు. అదే ఎరువు ఇప్పుడు ఆర్గానిక్ అని సంచిలో నింపి అమ్మితే నవ్వినవాళ్ళే బాల్కనీ మొక్కలకి కొనుక్కుంటున్నారు, సరే వదిలెయ్.

మార్చుకోవాలా వద్దా. మార్చుకోవడం తప్పేం కాదు, నీ పేరు నీ ఇష్టం. అఫిడవిట్, పేపర్లో ప్రకటన, చంచల్‌గూడ ప్రభుత్వ ప్రెస్ నుంచి గెజిట్, ఇదీ దారి. కానీ ఆ తర్వాత ఆధార్, పాన్, బ్యాంకు, పీఎఫ్ ఒక్కోదాని చుట్టూ తిరగాలి, నువ్వు అకౌంట్స్ మనిషివి, పాన్‌లో ఒక పేరు పీఎఫ్‌లో ఒక పేరు ఉన్నోళ్ళ తిప్పలు నాకంటే నీకే బాగా తెలుసు. ఫిబ్రవరిలో పెళ్ళి పెట్టుకుని ఇప్పుడు ఆ ఆగమాగం వద్దు. ఆఫీసులో సాయి అని పిలిపించుకుంటే పిలిపించుకో, దానికెవరి పర్మిషనూ అక్కర్లేదు. కార్డు మీద మాత్రం నేనైతే పెంటయ్య అనే వేయిస్తా, ఊళ్ళోవాళ్ళకి కార్డు పంచితే సాయి ఎవరు అని అడుగుతారు, మళ్ళీ మీ బాపు ఇంటింటికీ మా పెంటడే అని చెప్పుకుంటూ తిరగాలి.

అమ్మాయి తరపువాళ్ళు అడిగారు అన్నావు, అమ్మాయి ఏమందో రాయలేదు. ఉత్తరం రెండుసార్లు చదివా, ఎక్కడా లేదు. కార్డు సంగతి పెద్దవాళ్ళతో తేల్చుకునే ముందు ఆమెతో ఒక గంట కూర్చో, పైన చెప్పిందంతా చెప్పు, ముక్కు మీద గుంట కూడా చూపించు. అంతా విన్నాక కూడా వద్దంటే అప్పుడు మళ్ళీ నాకు రాయి, అది వేరే ఉత్తరం అవుతుంది.

అసలు ముఖ్యమైంది మీ అమ్మ. రెండు రోజులు మాట్లాడలేదంటే కోపం వచ్చిందనుకుంటున్నావు నువ్వు. నాకైతే భయం అనిపిస్తోంది. ఆ పేరు ఆమెకి పేరు కాదు తమ్ముడూ, తాళం. 27 ఏళ్ల కింద వేసింది, ఇప్పుడు నువ్వొచ్చి తీసేద్దాం అంటున్నావు, తీస్తే ఏదో లోపలికి వస్తుందేమో అని ఆమెకి లోపల ఎక్కడో ఉంటుంది, చదువుకున్న కొడుకు ముందు ఆ మాట అనలేదు, అంటే నవ్వుతావని. పైగా నీ పేరు ఎందుకు పెట్టిందో చెప్పాలంటే ఆ ఇద్దరి గురించీ చెప్పాలి. వాళ్ళకి పేర్లున్నాయో లేదో, ఎన్ని రోజులున్నారో, అవన్నీ నోటితో అనాలి. అందుకే ఇంట్లో ఎవరూ చెప్పరు. కాబట్టి ఈ పేరెందుకు పెట్టావే అని నిలదీయకు. ఈసారి ఊరెళ్ళినప్పుడు ఆమె పని చేసుకుంటుంటే పక్కన కూర్చుని మామూలుగా అడుగు, అమ్మా, నన్ను కుప్ప మీద నుంచి ఎత్తుకుంది ఎవరు అని. ఏమిచ్చి కొన్నవు అని కూడా అడుగు. ఆ రెండూ చెప్పడం ఆమెకి తేలికే, మిగతాది దాని వెనకే వస్తే వస్తుంది, రాకపోతే ఊరుకో.

ఎత్తుకున్నావిడ ఎవరో తెలిశాక, ఆమె బతికుంటే కార్డు మొదట ఆమెకివ్వు, పెళ్ళి బట్టల్లో ఆమెకో చీర కలుపు. మా పుల్లయ్య మామ ప్రతి దసరాకీ సాయమ్మకి చీర తీసుకెళ్లేవాడు, ఇచ్చేటప్పుడు ప్రతిసారీ ఒకటే గొడవ, మూడు సోలలకే అమ్ముకున్నవు గదనే నన్ను అని. ఆమె ఊరుకునేది కాదు, మూడు యాడియిరా, మీ అమ్మ కొలిచింది రెండున్నరనే, సగం సోల ఇంకా బాకీ ఉన్నది అనేది.